బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ తొలి పాట అమెరికాలో ఎందుకు ఆడలేదు?

పాప్ సంగీతం బాగా తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. ఐదుగురు కుర్రాళ్ల అమెరికన్ పాప్ బృందం బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ మొదటి సింగిల్ (విడిగా విడుదల చేసే పాట) 'వీవ్ గాట్ ఇట్ గోయిన్ ఆన్' 1995లో వచ్చింది. రికార్డింగ్ కోసం ఓర్లాండో నుంచి ఆ కుర్రాళ్లను ఏకంగా స్వీడన్ పంపారు. స్టాక్‌హోమ్‌లో అక్కడి నిర్మాతలు డెనిజ్ పాప్, మాక్స్ మార్టిన్ కలిసి పాట తయారుచేశారు. తర్వాత ఎన్నో పాప్ హిట్లు రాసిన మాక్స్ మార్టిన్ అప్పటికి ఎవరో బయట పెద్దగా తెలియదు మరి!

తీరా చూస్తే సొంత దేశంలో బిల్‌బోర్డ్ హాట్ 100లో (అమెరికా పాటల ర్యాంకుల జాబితా) 69వ స్థానం దగ్గరే ఆగిపోయింది. జర్మనీలో మాత్రం పెద్ద హిట్. బ్రిటన్‌లో మొదట ఎవరూ పట్టించుకోలేదు, 1996లో మళ్లీ విడుదల చేస్తే 3వ స్థానానికి ఎక్కింది. అమెరికాలో ఆల్బమ్ రావడానికి 1997 దాకా పట్టింది.

అప్పుడు అక్కడి రేడియోల్లో గ్రంజ్ (ఒక రకం రాక్ సంగీతం), హిప్‌హాప్‌దే రాజ్యం, అందుకే ఆడలేదంటారు. నాకది సరిపోయే కారణంలా లేదు. అదే ఏడాది చివర్లో గాయని మరియా కేరీతో కలిసి బాయ్జ్ టు మెన్ అనే మగవాళ్ల గాయక బృందం పాడిన పాట నంబర్ వన్ అయిందిగా! లోపం పాటలోనా, ప్రమోషన్‌లోనా? ఆ రోజుల్లో అమెరికాలో చదువుకున్న మనవాళ్లెవరైనా ఉంటే, ఈ పాట రేడియోలో విన్నట్టు గుర్తుందా? ఏ ఊళ్లోనో కూడా చెప్పండి.