బాత్‌లో మా ఇంటి మూసిన కిటికీ: పన్ను వల్లా, అందం కోసమా?

నమస్తే అండి. ఇంగ్లండ్‌లోని బాత్‌లో, ఒక జార్జియన్ వరుసలో (జార్జ్ రాజుల కాలంలో ఒకదానికొకటి ఆనించి కట్టిన ఇళ్లు) చివరి ఇంటి రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం. పక్క గోడకి ఒక కిటికీ ఆకారం ఉంది, కానీ అది రాతితో మూసేసి ఉంది. అడిగిన ప్రతివాళ్లూ కిటికీల పన్ను (ఇంటికున్న కిటికీల లెక్కన వేసే పన్ను) తప్పించుకోవడానికి మూశారంటారు. ఆ పన్ను 1696 నుంచి 1851 దాకా నిజంగానే ఉంది. అయినా నాకు నమ్మకం కుదరడం లేదు.

ఈ ఇళ్లలో బయటికి కనిపించే పొందికకే పెద్ద పీట. ఇక్కడి నెలవంక ఆకారపు ఇళ్ల వరుస, రాయల్ క్రెసెంట్‌నే చూడండి. 1767లో మొదలైన ఆ 30 ఇళ్లకు వాస్తుశిల్పి జాన్ వుడ్ ది యంగర్ ముందు గోడ ఒకేలా గీశాడు, వెనక భాగం మాత్రం ఎవరికి నచ్చినట్టు వాళ్లు కట్టుకున్నారు. వెనక్కి వెళ్లి చూస్తే అసలు అదే భవనమా అనిపిస్తుంది! అలాగే మా గోడ కూడా బోసిగా ఉండకూడదని మొదట్లోనే ఉత్తుత్తి కిటికీ పెట్టారేమో.

ఎందుకంటే లోపల సరిగ్గా ఆ చోటే చలిమంట పొయ్యి, దాని పొగగొట్టం ఉన్నాయి. అంటే అక్కడ కిటికీ ఎప్పుడూ లేనట్టేనా? మూసిన రాళ్ల వరుసలు చుట్టూ ఉన్న వరుసలతో కలిస్తే, అది మొదటి నుంచీ ఉన్నదే అనుకోవచ్చా? లిస్టెడ్ భవనం (చట్టరక్షణ ఉన్న పాత కట్టడం), పైగా అద్దె ఇల్లు, కాబట్టి గోడ గీకి చూడలేను. పాత రాతి కట్టడాల మీద పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే, కంటితో చూసి పోల్చుకునే గుర్తులు చెప్పండి, ప్లీజ్.