పెంపుడు బాల్ పైథాన్ ఉన్నట్టుండి బుసకొట్టి మీదికి వస్తోంది: కారణం ఏమై ఉంటుంది?

ప్రశ్న (కొండాపూర్ నుంచి ఒక సభ్యురాలు)

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో నాలుగేళ్ల ఆడ బాల్ పైథాన్ (ఒక రకం చిన్న కొండచిలువ) ఉంది. పిల్లగా ఉన్నప్పటి నుంచి మేమే పెంచుతున్నాము, కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు కూడా చేయించాము. మార్చిలో మల్కాజిగిరి ఇంటి నుంచి కొండాపూర్‌లోని అపార్ట్‌మెంటుకు వచ్చినప్పటి నుంచి దాని తీరు మారిపోయింది. అంతకుముందు చేతిలోకి తీసుకుంటే మణికట్టుకు చుట్టుకుని నెమ్మదిగా ఉండేది. ఇప్పుడు ట్యాంకు మూత తీయగానే మెడను మెలిక తిప్పి వెనక్కి లాక్కుని గట్టిగా బుసకొడుతోంది. అద్దం ముందు నుంచి ఎవరు నడిచినా తల విసురుతోంది. పోయిన వారం మా తమ్ముడి చేతిని కరిచింది. వరుసగా మూడుసార్లు ఎలుకను పెట్టినా ముట్టలేదు. పాము పగబట్టిందని, ఇక ఇంట్లో ఉంచుకోకుండా ఎవరికైనా ఇచ్చేయమని మా అత్తగారు అంటున్నారు. పగ సంగతి నేను నమ్మను గానీ, ఇంత సాధువైన ప్రాణి ఇలా ఎందుకు మారిందో అర్థం కాక బాధగా ఉంది. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సికింద్రాబాద్ సభ్యుని సమాధానం

ఇల్లు మారినప్పుడు ఇలా జరగడం మామూలేనండీ. మందపాటి తోలు చేతితొడుగులు వేసుకుని రోజూ అరగంట బయటకు తీసి పట్టుకోండి. మీరు వెనక్కి తగ్గితే, బుసకొట్టినంత మాత్రాన మనుషులు వెళ్లిపోతారని అది నేర్చుకుంటుంది. కొద్ది రోజుల్లో అలవాటు పడుతుంది.

తార్నాక సభ్యుని సమాధానం

పాము అనుభవం నుంచి నేర్చుకుంటుందన్న మాట నిజమే. అయితే తప్పించుకునే దారి లేకుండా రోజూ అరగంట పట్టి ఉంచితే, మనిషి చెయ్యి కనిపించినప్పుడల్లా ప్రమాదం ఉందన్న సంగతినే అది నేర్చుకుంటుంది. అలా పట్టుకున్నప్పుడు కొన్ని పాములు కదలకుండా బిగుసుకుపోతాయి. దానిని మనం మచ్చిక అనుకుంటాము, భయం మాత్రం అలాగే ఉంటుంది. పైగా ఈ పాము తిండి మానేసి ఉంది కనుక దానిని ఇంకా ఒత్తిడికి గురిచేయడం మంచిది కాదని నా దృఢమైన అభిప్రాయం.

అమ్మా, మీ పాముకు కోపం రాలేదు, అది భయపడుతోంది. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాలకు చెందినది. పగలంతా ఎలుకల బొరియల్లోనూ చెదపుట్టల్లోనూ దాగి ఉండి, చీకటి పడ్డాక బయటకు వస్తుంది. వేటగాడి కంట పడకుండా ఉండడమే దాని మొదటి రక్షణ. ప్రమాదం దగ్గరకు వస్తే ముందు కదలకుండా ఉంటుంది, ఆ తరువాత తలను నడుమ దాచుకుని బంతిలా చుట్ట చుట్టుకుంటుంది. అప్పటికీ వదలకపోతే బుసకొడుతుంది, మెడను ఎస్ ఆకారంలో వెనక్కి లాగుతుంది, నోరు తెరవకుండానే తలతో కొట్టి బెదిరిస్తుంది. కొన్నిసార్లు మలద్వారం దగ్గరి గ్రంథుల నుంచి దుర్వాసన గల ద్రవాన్ని కూడా వదులుతుంది. కాటు దాదాపు చివరి మెట్టు. మన నాగుపాము పడగ విప్పి నిలబడడం కూడా ఇలాంటి హెచ్చరికే తప్ప దాడి కాదు. మీ పాము మొదటి మెట్లన్నీ దాటేసి నేరుగా బుస దగ్గర మొదలుపెడుతున్నదంటే, దాక్కోవడానికి దానికి చోటు దొరకడం లేదేమో అని ముందుగా అనుమానించాలి.

దాని వైపు నుంచి చూస్తే పరిస్థితి ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మనకు మామూలుగా తోచేవే దానికి బెదురు పుట్టిస్తాయి. బాల్ పైథాన్ పై పెదవి వెంట చిన్న చిన్న గుంటలు ఉంటాయి. అవి ఎదుటి వస్తువు వేడిని పసిగడతాయి. చల్లని గదిలో మూత తెరుచుకుని, పైనుంచి వెచ్చని చెయ్యి దిగితే, గద్ద కాలి గోళ్లు దిగినా మన చెయ్యి దిగినా దానికి తేడా తెలియదు. పాముకు బయటి చెవులు, కర్ణభేరి లేవు గానీ, లోపలి చెవి ఎముక దవడకు అనుసంధానమై ఉండడం వల్ల నేలలోనూ అలమరలోనూ పుట్టే ప్రకంపనలు దానికి బాగా తెలుస్తాయి. గాలిలో వచ్చే లోతైన ధ్వనులు కూడా కొంతవరకు తెలుస్తాయి. స్పీకరు పెట్టిన బల్ల మీదే ట్యాంకును ఉంచితే దానికి విశ్రాంతి ఉండదు. వినాయక నవరాత్రుల్లో వీధిలో డీజే పెట్టినప్పుడు చాలా పాములు తిండి మానేస్తాయని ఇక్కడి పెంపకందారులు చెబుతుంటారు. నా అనుభవంలో కూడా అంతే.

కుబుసం విడిచే కాలాన్ని కూడా గమనించాలి. పాముకు కనురెప్పలు లేవు; కంటిపై పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది, అది కూడా కుబుసంతో పాటే ఊడివస్తుంది. పాత పొరకూ కొత్త పొరకూ మధ్య ద్రవం చేరినప్పుడు కళ్లు నీలిరంగు పాలలా మసకబారుతాయి, చూపు సరిగా ఆనదు. ఆ రోజుల్లో ఎంత సాధువైన పామైనా ఉలిక్కిపడుతుంది, తిండి కూడా మానేస్తుంది. కళ్లు తిరిగి తేటపడిన కొద్ది రోజులకు కుబుసం విడుస్తుంది. అప్పటిదాకా దానిని తాకనవసరం లేదు.

ఇంకొక తేడా కూడా చూసుకోవాలి. భయంతో వేసే కాటు క్షణంలో పడుతుంది, వెంటనే వదిలేస్తుంది. ఆహారమనుకుని వేసే కాటులో పాము నోటితో పట్టుకుని శరీరాన్ని చుట్టేస్తుంది. రెండవ రకం ఆకలికి సంబంధించినది. ఎలుక వాసన అంటిన చేతిని ట్యాంకులో పెట్టినా, మూత తీసిన ప్రతిసారీ తిండే దొరికినా అది జరుగుతుంది. రెండింటికీ పరిష్కారాలు వేరు. అందుచేత ఈ వివరాలు చెప్పగలరా? మీ తమ్ముడిని కరిచినప్పుడు వదిలేసిందా, చుట్టుకుందా? ట్యాంకు ఇప్పుడు ఎక్కడ ఉంది? దాక్కునే గూళ్లు ఎన్ని, ఎంత పెద్దవి? వెచ్చని వైపు, చల్లని వైపు ఉష్ణోగ్రతలు, తేమ శాతం ఎంతెంత?

ప్రశ్న అడిగినవారి వివరణ

చాలా కృతజ్ఞతలండీ. కరిచి వెంటనే వదిలేసింది. ట్యాంకు నాలుగు వైపులా గాజుదే. పాత ఇంట్లో పడకగది మూలన ఉండేది. ఇక్కడ స్థలం లేక హాలులో, టీవీ పక్కన, బయటి తలుపుకు ఎదురుగా పెట్టాము. గూడు ఒకటే, పెద్ద ప్లాస్టిక్ గుహ, వెచ్చని వైపు ఉంది. సాయంత్రం నుంచి ఏసీ నడుస్తుంది. మీరు అడిగాక కొలిస్తే వెచ్చని వైపు 28 డిగ్రీలు, చల్లని వైపు 24, తేమ 30 శాతం చూపించింది. కరిచిన రోజుకు కళ్లు కొంచెం మసకగానే ఉన్నట్టు ఇప్పుడు ఫోటోల్లో కనిపిస్తోంది.

తార్నాక సభ్యుని సమాధానం

ఇప్పుడు చిత్రం స్పష్టమైంది. నాలుగు దిక్కులా జనం తిరిగే చోట, తలుపు తెరుచుకున్నప్పుడల్లా కదలికలు కనిపించే చోట, సరిపడా వెచ్చదనం లేని ఎండు గాలిలో, చూపు మసకబారిన సమయంలో చెయ్యి దగ్గరకు వచ్చింది. కరవడానికి ఇంతకన్నా కారణం అక్కరలేదు. తమ్ముడి తప్పు కూడా ఇందులో ఏమీ లేదు.

ముందు ట్యాంకును పడకగదిలోకి మార్చండి. మూడు వైపులా నల్లని చార్టు కాగితం అంటించి, ముందు వైపు మాత్రమే తెరిచి ఉంచండి. గూళ్లు రెండు కావాలి, ఒకటి వెచ్చని వైపు, ఒకటి చల్లని వైపు; లేకపోతే భద్రత కావాలా వెచ్చదనం కావాలా అని అది తేల్చుకోవలసి వస్తుంది. గూడు పెద్దదైతే మంచిదని మనకు తోస్తుంది గానీ, ఒంటికి నాలుగు వైపులా గోడ తగిలేంత ఇరుకుగా ఉన్నప్పుడే బాల్ పైథాన్ నిశ్చింతగా ఉంటుంది. అంచు పగలగొట్టి నునుపు చేసిన మట్టికుండను బోర్లించినా చక్కగా సరిపోతుంది.

వెచ్చని గూటి నేల 31 నుంచి 33 డిగ్రీలు, చల్లని వైపు 25 నుంచి 27 డిగ్రీలు ఉండేలా చూడండి. హీట్ మ్యాట్‌కు (ట్యాంకును వెచ్చబరిచే కరెంటు పట్టీకి) థర్మోస్టాట్, అంటే ఉష్ణోగ్రతను అదుపులో ఉంచే పరికరం, తప్పనిసరి. మన హైదరాబాద్ వేసవిలో ఒక చిక్కు ఉంది: మధ్యాహ్నం ఏసీ లేని గదిలో ఉష్ణోగ్రత 35 దాటిపోతే పాముకు ప్రాణాపాయం, రాత్రంతా ఏసీ వేస్తే గాలి ఎండిపోయి ట్యాంకు చల్లబడిపోతుంది. గదిని ఏసీతో 27 దగ్గర నిలిపి, మ్యాట్‌ను ఆపకుండా ఉంచడం మేలు. ఏసీ గాలి నేరుగా ట్యాంకుకు తగలకూడదు. తేమ 60 శాతం దగ్గర ఉండాలి. నర్సరీల్లో దొరికే కొబ్బరి పీచు పొడిని తడిపి, పిండి, నాలుగు అంగుళాల మందాన పరిచి, పైభాగంలోని వలను సగానికి పైగా కప్పితే తేమ నిలుస్తుంది. రోజూ పైపైన నీళ్లు చల్లితే పైపొర తడిసి లోపల ఎండిపోతుంది, కాబట్టి ఒక మూల నుంచి అడుగుకు నీళ్లు పోయడం మంచి పద్ధతి.

ఇవన్నీ సరిచేశాక రెండు వారాలు దానిని తాకవద్దు. నీళ్లు మార్చడం, శుభ్రం చేయడం తప్ప మరేమీ అక్కరలేదు. ఆ తరువాత ఒకసారి, చీకటి పడ్డాక, ఎలుకను పట్టకారుతో అందించి చూడండి. తినకపోతే వెంటనే మళ్లీ పెట్టకుండా పది పన్నెండు రోజులు ఆగండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద బాల్ పైథాన్ నెలల తరబడి తినకుండా ఉండగలదు కనుక కంగారు పడనవసరం లేదు; వారానికొకసారి తూకం వేసి రాసిపెట్టుకోండి. తూకానికి తప్ప, అది రెండు మూడుసార్లు తిన్న తరువాతే చేతిలోకి తీసుకోవడం గురించి ఆలోచించండి, తిన్నాక కనీసం 48 గంటలు మాత్రం ముట్టుకోకూడదు.

మళ్లీ పట్టుకోవడం మొదలుపెట్టినప్పుడు, చేతులు సబ్బుతో కడుక్కుని, పైనుంచి కాక పక్క నుంచి చెయ్యి చాపాలి. ముందుగా కొక్కెం కర్రతోనో, చుట్టిన కాగితంతోనో నడుము భాగాన్ని మెల్లగా తట్టండి. వచ్చేది తిండి కాదని దానికి ఆ స్పర్శే చెబుతుంది. తరువాత నడుము కింద రెండు చేతులూ చేర్చి ఎత్తండి, తల వైపు ఎప్పుడూ పట్టవద్దు. అయిదు నిమిషాలు చాలు. నాలుక నెమ్మదిగా ఆడిస్తూ చేతుల మీద పాకుతుంటే అది పరిసరాలను తెలుసుకుంటోందని అర్థం. ఒళ్లు బిగబట్టి, మెడ వెనక్కి లాగితే ఆ రోజుకు వదిలేయండి. అయితే చేతిని చటుక్కున లాక్కోకుండా, క్షణం కదలక నిలబడి, నెమ్మదిగా కింద ఉంచండి. మనం వెనక్కి తగ్గడాన్ని చూసి పాము నేర్చుకుంటుందని సికింద్రాబాద్ మిత్రులు చెప్పిన దానిలోని నిజం ఇక్కడ పనికివస్తుంది. తోలు తొడుగులు మాత్రం వద్దనే అంటాను, ఎందుకంటే వాటితో ఎంత గట్టిగా నొక్కుతున్నామో మనకే తెలియదు.

శామీర్‌పేట సభ్యుని ప్రశ్న

వానాకాలంలో మా ఆవరణలోకి పాములు వస్తుంటాయి. ఈ లక్షణాలు చూసి వాటి ఉద్దేశం తెలుసుకోవచ్చా?

తార్నాక సభ్యుని సమాధానం

దయచేసి ఆ పని చేయవద్దు. జెర్రిపోతు గొంతు ఉబ్బించి భయపెడుతుంది, రక్తపింజర పెద్దగా బుసకొడుతుంది, కానీ కట్లపాము చాలాసార్లు ఏ హెచ్చరికా లేకుండా రాత్రివేళ కాటువేస్తుంది. దూరం నుంచి గమనిస్తూ, అటవీశాఖకు గానీ ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి గానీ ఫోన్ చేయండి. మన దేశపు పాములను పట్టుకోవడం, పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

ఇచ్చేయడం గురించి కొండాపూర్ సభ్యురాలికి కూడా ఒక మాట. బాల్ పైథాన్ సైటిస్ ఒప్పందంలోని (వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండవ అనుబంధంలో ఉన్న జాతి కనుక, పై చట్టానికి వచ్చిన 2022 సవరణ, దాని కింద వచ్చిన 2024 నియమాల ప్రకారం చేతులు మారినప్పుడు కూడా పోర్టల్‌లో తెలియజేయాలి. ఏ పరిస్థితిలోనూ బయట వదిలిపెట్టకూడదు. ఈ ప్రాణి 20 ఏళ్లకు పైగా బతుకుతుంది. రెండు నెలల భయాన్ని చూసి వదులుకోవద్దని మీ అత్తగారికి నా తరఫున మనవి చేయండి.

ప్రశ్న అడిగినవారు

తప్పకుండా చెబుతానండీ. ట్యాంకును ఈ రోజే మారుస్తున్నాము. మళ్లీ కరిస్తే ఏం చేయాలి, డాక్టరు దగ్గరకు ఎప్పుడు తీసుకెళ్లాలి అన్నది కూడా చెప్పగలరా?

తార్నాక సభ్యుని సమాధానం

దీనికి విషం లేదు. కరిచి వదిలేస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీటితో బాగా కడిగి, టెటనస్ ఇంజెక్షన్ గడువు దాటి ఉంటే వేయించుకోండి. వదలకపోతే లాగవద్దు, పళ్లు వెనక్కి వంగి ఉంటాయి కనుక చర్మం చీలుతుంది, పాము పళ్లు కూడా విరుగుతాయి. తల మీద చల్లని నీళ్లు పోస్తే సాధారణంగా వదిలేస్తుంది. సరీసృపాల ఒంటిపై సాల్మొనెల్లా అనే, విరేచనాలు కలిగించే బ్యాక్టీరియా ఉండవచ్చు కాబట్టి, తాకిన ప్రతిసారీ చేతులు కడుక్కోవాలి, అయిదేళ్లలోపు పిల్లలను దగ్గరకు రానివ్వకూడదు.

నోరు తెరిచి ఊపిరి తీసుకోవడం, గురకలాంటి శబ్దం, ముక్కు దగ్గర బుడగలు, పొలుసుల మధ్య కదిలే నల్లని చుక్కల్లాంటి పురుగులు, తూకంలో పదో వంతు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ఆగకుండా సరీసృపాలకు వైద్యం తెలిసిన పశువైద్యుడికి చూపించండి. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో కూడా అడిగి చూడవచ్చు. నొప్పి ఉన్న పాము కూడా ఇలాగే బుసకొడుతుంది, కనుక ఏర్పాట్లన్నీ సరిచేసిన నెల తరువాత కూడా తీరు మారకపోతే పై లక్షణాలేవీ లేకున్నా ఒకసారి పరీక్ష చేయించండి. ఈసారి కుబుసం ముక్కలుగా వస్తే, కంటి మీది పొరను మాత్రం గిల్లి తీయవద్దు. ఆ పనిని వైద్యుడికే వదిలేయండి.