8 జీబీ ర్యామ్ వేసినా 3.24 మాత్రమే వాడుకుంటోంది, ఎందుకు?

రాయగడ డీటీపీ:
నమస్కారం. రాయగడలో మాది చిన్న డీటీపీ షాపు, పెళ్ళికార్డులు తెలుగులోనూ ఒడియాలోనూ వేస్తాం. సిస్టం పాతది, విండోస్ 7, 32 బిట్. 12 బై 36 ఆల్బం షీటు ఫోటోషాప్‌లో తెరిస్తే చాలు బిగుసుకుపోతోందని, రైలెక్కి విజయనగరం వెళ్ళి ఇంకో 4 జీబీ స్టిక్ తెచ్చి వేశా. ప్రాపర్టీస్‌లో 8 జీబీ అని ఉంది గానీ పక్కనే 3.24 యూజబుల్ అంటోంది. రిసోర్స్ మానిటర్‌లో బూడిదరంగు పట్టీ, హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ 4874 ఎంబీ. స్లాట్లు మార్చా, రబ్బరుతో పిన్నులు తుడిచా, అదే అంకె. స్టిక్ పాడైందా? ముహూర్తాలు దగ్గరపడ్డాయి, ఒకటే టెన్షన్.

పర్లాకిమిడి కుర్రాడు:
అన్నా, స్టిక్ బాగానే ఉంది, వెనక్కి ఇవ్వకండి. ర్యామ్‌లో ప్రతి బైటుకీ ఒక డోర్ నంబర్ ఉండాలి, 32 బిట్లతో రాయగలిగే నంబర్లు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296, అంటే సరిగ్గా 4 జీబీ. గ్రాఫిక్స్ కార్డు, నెట్‌వర్క్ కార్డు లాంటివాటికి కూడా ఆ నంబర్లలోంచే ఇవ్వాలి, అవి తీసుకోగా మీకు మిగిలింది 3.24.

బరంపురం లినక్స్:
పైన చెప్పింది నిజమే, కానీ తప్పంతా ప్రాసెసర్‌ది కాదు. 1995లో పెంటియమ్ ప్రో నుంచే పీఏఈ అని, 32 బిట్ ప్రాసెసర్ 4 జీబీ దాటి ర్యామ్ అందుకునే పద్ధతి ఒకటి ఉంది, 36 బిట్ల అడ్రసుతో (పైన చెప్పిన డోర్ నంబరే) 64 జీబీ దాకా అందుతుంది. విండోస్ సర్వర్ 2008 ఎంటర్‌ప్రైజ్ 32 బిట్‌లోనే అంత వాడేది. 4 జీబీ దాటిన అడ్రసులతో చాలా డ్రైవర్లు (కార్డుల్ని, ప్రింటర్లని నడిపించే ప్రోగ్రాములు) తికమకపడేవి కాబట్టి ఇళ్ళలో వాడే విండోస్‌కి మాత్రం మైక్రోసాఫ్ట్ 4 దగ్గరే గీత గీసింది. 32 బిట్ లినక్స్‌లో పీఏఈ పెట్టినా కెర్నల్‌కి, అంటే సిస్టం గుండెకాయ లాంటి ప్రోగ్రాముకి, నేరుగా అందేది మామూలుగా 896 ఎంబీయే. ఒక్కో 4 కేబీ పేజీకి 32 బైట్ల లెక్క రాసుకోవాలి కదా, 64 జీబీ పెడితే ఆ 896లోంచి చిట్టాకే 512 ఎంబీ పోతుంది, మిగతా పనికి చోటేదీ? అందుకే అతుకులు వేయకుండా 64 బిట్‌కి వెళ్ళిపోండి. ముందు బయోస్‌లో (సిస్టం ఆన్ అవగానే వచ్చే సెట్టింగుల్లో) మెమరీ రీమ్యాప్ ఆన్ చేయండి, కార్డులు ఆక్రమించిన నంబర్ల వెనక ఉన్న ర్యామ్‌కి 4 జీబీ పైన నంబర్లు ఇచ్చేది అదే, అది ఆఫ్‌లో ఉంటే 64 బిట్ వేసినా ఇదే అంకె కనిపిస్తుంది. ఫోటోషాప్ కూడా 64 బిట్‌దే వేయాలి. ప్రింటర్‌కి 64 బిట్ డ్రైవర్ దొరుకుతుందో లేదో ఇవాళే చూసుకోండి, లేకపోతే సీజన్ మధ్యలో ఇరుక్కుపోతారు.

రాయగడ డీటీపీ:
చాలా థ్యాంక్స్ గురువుగారూ, తమ్ముడూ. రీమ్యాప్ ఆన్ చేశా, ప్రింటర్ డ్రైవర్ దొరికింది. పాత ఫాంట్ కన్వర్టర్ ఒకటి 16 బిట్‌ది, అది 64లో నడవదట, దానికోసం పాత హార్డ్‌డిస్క్ అలాగే ఉంచి ఆదివారం కొత్తదాంట్లో వేస్తా.