ఖరీదైన రెస్టారెంట్ బర్గర్‌లో మనం దేనికి డబ్బు కడుతున్నట్టు?

బర్గర్లు ఇష్టంగా తినేవాళ్లు, రెస్టారెంట్ కిచెన్‌లో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. మామూలు ఫాస్ట్‌ఫుడ్ బర్గర్‌కీ, పెద్ద రెస్టారెంట్‌లో దానికి మూడు నాలుగు రెట్లు పెట్టి తినేదానికీ నిజంగా అంత తేడా ఉంటుందా?

కొంత తేడా నాకూ తెలుస్తుంది. అప్పటికప్పుడు కీమా కొట్టి, 20 శాతం దాకా కొవ్వు ఉంచి, బాగా కాలిన పెనం మీద వేస్తే అంచులు కరకరలాడతాయి, లోపల రసం అలాగే ఉంటుంది. వెన్న, గుడ్లు పడే బ్రియోష్ బన్ను కూడా మామూలు బన్ను కన్నా ఖరీదే. వీటికి ఎక్కువ ఇవ్వడానికి నాకేం బాధ లేదు.

అనుమానమల్లా మిగతా హంగుల మీదే. వాగ్యూ అంటారు, అంటే జపాన్ జాతి పశువుల బీఫ్. ఆ మాంసం గొప్పతనం కండలో సన్నగా అల్లుకున్న కొవ్వులో కదా, కీమా కొట్టేశాక ఆ అల్లిక ఎక్కడుంటుంది? ట్రఫుల్ ఆయిల్ అంటారు, అంటే ట్రఫుల్ అనే ఖరీదైన పుట్టగొడుగు వాసనుండే నూనె, చాలావాటిలో ఉండేది ల్యాబ్‌లో తయారైన వాసనే. ఇక నోరు పట్టనంత ఎత్తు పేర్చి పుల్ల గుచ్చి ఇస్తారు. ఒక్కసారి కొరికితే ప్యాటీ వెనక నుంచి జారిపోతుంది, అడుగు బన్ను సాస్‌కి నానిపోతుంది. (ఫోర్కూ కత్తీ పెట్టి తినాల్సిన దాన్ని బర్గర్ అనడం నాకసలు నచ్చదు.)

ఆర్డర్ ఇవ్వకముందే, మెనూ చూసి మంచిదో కాదో ఎలా పసిగడతారు? కీమా ఇక్కడే కొడతారా అని వెయిటర్‌ని అడిగితే ఏమైనా అనుకుంటారా? చికెన్, వెజ్ ప్యాటీల్లోనూ ఈ తేడా ఉంటుందా, లేక అక్కడ కట్టేదంతా కుర్చీకీ ఏసీకేనా?