పాలిట్రైకమ్ (ఒక నాచు ప్రజాతి) వరకు వచ్చాను, జాతి తేలడం లేదు

వనదీపిక: చెట్ల నీడలో ఆమ్లనేల మీది నాచు. ఎత్తు 6 సెం.మీ., సూదుల్లాంటి ఆకులు, అంచున పళ్లు, ఆకు పైవైపు లామెల్లాల (పలచని నిలువు పలకల) వరుసలు. గుళికలు (సిద్ధబీజాల సంచులు) లేవు. ఏ జాతి? సూక్ష్మదర్శినిలో చూసే ఆకు అడ్డుకోతకి రంగు వేయాలా? నమూనా ఎలా దాచాలి?

ఆకుమడి: పాలిట్రైకమ్ కమ్యూన్. అంత పొడుగు ఇంకేది పెరుగుతుంది?

లెన్సుపది: పొడుగు చూసి పేరు పెట్టకండి. అదే ప్రజాతిలోని ఫార్మోసమ్ కూడా 6 సెం.మీ. దాటుతుంది. కమ్యూన్‌కి బాగా తడిగా ఉండే చోటు కావాలి, నీరు ఇంకిపోయే అడవి నేలంటే ముందు ఫార్మోసమ్‌నే అనుమానించాలి. అట్రైకమ్ (పోలికున్న ఇంకో నాచు) కాదని కూడా తేల్చుకోండి. ఆరబెడితే దాని ఆకులు మెలికలు తిరిగిపోతాయి, పాలిట్రైకమ్‌వి కాండానికి నిటారుగా అతుక్కుంటాయి.

గుళికరాజు: ఇంత చర్చ ఎందుకు? గుళిక చూడండి. కమ్యూన్‌ది పొట్టిగా, దాదాపు ఘనాకారం. ఫార్మోసమ్‌ది పొడుగు.

లెన్సుపది: గుళికలు లేవని ప్రశ్నలోనే ఉంది. చదివి రాయండి.

గుళికరాజు: చదివే రాశాను. హెర్బేరియంలో (ఎండు మొక్కల నమూనాలు దాచే చోట) ఏళ్లుగా ఇదే పని నాది. గుళిక లేకుండా పేరు పెట్టడం ఊహాగానం. మళ్లీ వెళ్లి వెతకమనండి.

కోతబ్లేడు: ఊహాగానం కాదు. అడ్డుకోతలో ప్రతి లామెల్లా కొసన ఉండే కణం చూడండి. కమ్యూన్‌లో దాని నెత్తిన నొక్కు ఉంటుంది, ఫార్మోసమ్‌లో నున్నగా గుండ్రంగా ఉంటుంది. తడిపిన ఆకుని స్లైడు మీద పెట్టి, పైన ఇంకో స్లైడు అదిమి, దాని అంచు వెంబడే కొత్త బ్లేడుతో కోయండి. పై స్లైడుని వెంట్రుకవాసి జరపడం, మళ్లీ కోయడం. ఆకు మధ్యభాగమే కోయాలి. అడుగున తొడుగులా ఉండేచోట లామెల్లాలే ఉండవు. ముక్క మందమైతే పక్కకి ఒరిగిపోతుంది, అప్పుడు నొక్కు కనబడదు. 400 రెట్లు చాలు, రంగు అక్కర్లేదు.

గుళికరాజు: ఒక్క ముక్కతో తేల్చేస్తారా?

కోతబ్లేడు: ఒక్కటని ఎవరన్నారు? రెండు మూడు ఆకుల నుంచి పది ముక్కలు చూడాలి. గుళిక కోసం కూర్చుంటే సగం నమూనాలు పేరు లేకుండానే ఉండిపోతాయి!

ఆకుమడి: నేనైతే ప్లాస్టిక్ కవర్లో దాస్తాను.

లెన్సుపది: వద్దండీ, బూజు పడుతుంది. గాలికి ఆరబెట్టి మడిచిన కాగితపు పొట్లంలో పెట్టండి. నేల రకం, తేదీ పొట్లం మీదే రాయండి. ఎప్పుడు కావాలన్నా వేడినీళ్లలో వేస్తే ఆకులు విచ్చుకుంటాయి, లోపలి గాలి బుడగలూ పోతాయి.

ఈకనాచు: మధ్యలో ఒకటి. ఈకలా చీలిన నాచు, కాండం నిండా పారాఫిల్లియాలు (చిన్న ఆకుల్లాంటి, పోగుల్లాంటి పెరుగుదలలు). తుయిడియం అనే నాచేనా?

కోతబ్లేడు: పారాఫిల్లియాలు హైలోకోమియం అనే నాచుకీ ఉంటాయి. అది పాత కొమ్మ మీద కొత్తది మెట్టులా లేపుతుంది. మెట్లు లేకపోతే ఆకు కణాల మీద పాపిల్లాలు (చిన్న బొడిపెలు) చూడండి, ఉంటే తుయిడియం వైపే.