సోలార్ కంపెనీకి 28 ఏళ్ల లీజు: నాన్న సంతకం పెట్టేలోపు ఎవరైనా చెప్పండి

మెట్టపొలం
మాది కదిరి దగ్గర పల్లె. పదకొండు ఎకరాల మెట్ట ఉంది, ఏడెకరాలు నాన్న పేరు మీద పట్టా, నాలుగు తాతకు ప్రభుత్వం ఎప్పుడో ఇచ్చిన డీకేటీ, అంటే అసైన్డ్ భూమి. బోరు రెండేళ్ల కిందటే ఎండిపోయింది, శనక్కాయ వేస్తే విత్తనం ఖర్చు కూడా రావడం లేదు. ఇప్పుడు ఒక సోలార్ కంపెనీ తరఫున మా ఊరి ఏజెంటే తిరుగుతున్నాడు. ఎకరాకు ఏడాదికి 30 వేలు, 28 ఏళ్ల లీజు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు, ప్యానెళ్లతో పాటు బ్యాటరీలు కూడా పెడతారట.

నేను బెంగళూరులో ఉంటాను, పోయిన ఆదివారం ఊరికి వెళ్లి అగ్రిమెంటు చూశాను. పైన వంద రూపాయల స్టాంపు పేపరు, వెనక 26 పేజీల ఇంగ్లీషు, సర్వే నంబరు దగ్గర ఖాళీ, తేదీ దగ్గర ఖాళీ, కానీ నాన్న ఎక్కడ సంతకం పెట్టాలో మాత్రం ప్రతి పేజీలో పెన్సిల్‌తో టిక్కు పెట్టి ఉంది! ఖాళీలు తర్వాత నింపుకుంటాంలే పెద్దాయనా అన్నాడట ఏజెంటు.

ఇలాంటి ప్రాజెక్టుకు పర్మిషన్ వచ్చిందో లేదో ఎక్కడ చూడాలి? గ్రామసభ పెట్టాలి కదా? డీకేటీ నాలుగెకరాలు కూడా ఇవ్వొచ్చా? బ్యాటరీలు పేలతాయని ఊర్లో అంటున్నారు, అదొక టెన్షన్.

తిరుమణి పక్కోడు
అన్నా, మాది పావగడ తాలూకా, రాష్ట్రం కర్ణాటకే గానీ ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఇక్కడ సోలార్ పార్కు 13 వేల ఎకరాలు, 2,050 మెగావాట్లు. మొదలుపెట్టినప్పుడు ఎకరాకు 21 వేలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు, 28 ఏళ్లు, అంటే మీకు చెప్పిన లెక్కే దాదాపు. మా మామకు ఆరెకరాలు పోయింది. పోయింది అనకూడదు, లీజే, కానీ కంచె వేశాక అందరం అలాగే అంటాం. కౌలు డబ్బు ఆయన అకౌంట్లో పడుతోంది, వాన కోసం ఆకాశం చూసే పని తప్పింది. కాకపోతే భూమి లేనోళ్లకు కలుపు కూలి పోయింది, గొర్రెలు ఉన్నోళ్లు మేపు కోసం ఎక్కడెక్కడో తిరుగుతున్నారు. అది మాత్రం ఏ అగ్రిమెంటులోనూ ఉండదు.

ఒక తేడా గమనించండి. మా దగ్గర రైతు నుంచి లీజు తీసుకున్నది ప్రభుత్వ సంస్థ, కంపెనీలకు అది ఇచ్చింది. మీ నాన్న నేరుగా ప్రైవేటు కంపెనీతో రాసుకుంటున్నారు. వాళ్లు ఇంకొకరికి అమ్ముకుంటే మీరు ఎవరి గుమ్మం ఎక్కాలి?

గ్రిడ్డు పని
నేను ఇలాంటి ప్రాజెక్టుల్లో ఇంజనీరుగా చేస్తున్నాను, కంపెనీ పేరు అడగొద్దు. పర్మిషన్ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే చాలామంది అక్కడే పొరబడతారు. 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 7 ప్రకారం కరెంటు ఉత్పత్తి చేయడానికి లైసెన్సే అక్కర్లేదు. 2006 పర్యావరణ నోటిఫికేషన్ కింద తీసుకునే అనుమతి నుంచి సోలార్ ప్యానెళ్ల ప్లాంట్లకు మినహాయింపు ఉంది, అంటే ఆ నోటిఫికేషన్ చెప్పే ప్రజాభిప్రాయ సేకరణ కూడా ఉండదు. థర్మల్ ప్లాంటు వస్తే కలెక్టరు టెంటు వేయించి మైకు పెట్టి అందరి మాటా వింటారు చూడండి, ఇక్కడ అది జరగదు. మీ నాన్నను కాపాడేది ఆ 26 పేజీలే. అవి మీకు అర్థం కాని భాషలో, ఖాళీలతో ఉన్నాయి.

ఏజెంటు తొందర ఎందుకో కూడా చెప్తాను. అంతర్రాష్ట్ర గ్రిడ్డుకు కలపమని దరఖాస్తు పెట్టే డెవలపర్, అంటే ప్రాజెక్టు కట్టే కంపెనీ, చేతిలో టెండరు ఆర్డరు లేకపోతే, కావాల్సిన భూమిలో సగానికి కాగితాలు చూపించాలి, లేదా మెగావాట్‌కు 10 లక్షల బ్యాంకు గ్యారంటీ పెట్టాలి. 300 మెగావాట్లంటే 30 కోట్లు. మీ నాన్న సంతకం దానికి పనికొస్తుంది. ప్రాజెక్టు కట్టినా కట్టకపోయినా ఆ కాగితం విలువ దానికుంది. అందుకే ముందు అగ్రిమెంటు, అడ్వాన్సు కింద ఎంతో కొంత, ఆ తర్వాత మూడేళ్లు చప్పుడుండదు, మీరేమో ఆ భూమిని అమ్మలేరు, ఇంకొకరికి ఇవ్వలేరు. కౌలు ఏ రోజు నుంచి మొదలవుతుందో చూడండి. ‘ప్లాంటు నడిచిన రోజు నుంచి’ అని ఉంటే కొట్టించేయండి, సంతకం రోజు నుంచే రావాలి. ఫలానా గడువులోపు పని మొదలుపెట్టకపోతే లీజు దానంతటదే రద్దు అని, ఇచ్చిన డబ్బు వెనక్కి అడగరాదని రాయించండి.

బ్యాటరీలు మీ ఊరి మీద ప్రత్యేకంగా పెట్టిన ప్రయోగమేం కాదు. సోలార్ టెండర్లలో కనీసం 10 శాతం సామర్థ్యానికి రెండు గంటల స్టోరేజీ జోడించమని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2025 ఫిబ్రవరిలో సూచించింది. పేలడం గురించి అంటే, 2025 జనవరిలో కాలిఫోర్నియాలోని మాస్ ల్యాండింగ్‌లో పెద్ద మంట వచ్చిన మాట నిజం, చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించారు. అక్కడ కాలిన బ్యాటరీలు ఒకే పాత భవనంలో ఉన్నాయి, రకం కూడా వేరు. ఇప్పుడు ఎక్కువగా పెట్టేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, బయట కంటైనర్లలో, మధ్యలో ఖాళీ వదిలి. దానికి మంట అంత తేలిగ్గా అంటుకోదు, అసలు అంటుకోదని మాత్రం ఎవరూ చెప్పలేరు. బ్యాటరీ యార్డు ఏ సర్వే నంబరులో వస్తుందో మ్యాపు అడగండి, ఇళ్లకు దూరంగా ఉంటే చాలు.

ఈసీ చూశారా
వకీలుని. మొదట డీకేటీ. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టంలో ‘బదిలీ’ అంటే అమ్మకం ఒక్కటే కాదు, లీజు కూడా అందులోకే వస్తుంది. ఆ చట్టానికి తర్వాత సవరణలు వచ్చాయి, కాబట్టి మీ నాలుగెకరాలు ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నాయో, 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉన్నాయో లేవో తహసీల్దారు ఆఫీసులో రాతపూర్వకంగా తీసుకోండి. అది చేతికొచ్చేదాకా ఆ నాలుగూ ఈ కాగితంలో ఉండకూడదు. ఖాళీ వదిలిన సర్వే నంబరులో రేపు అవే పడొచ్చు.

రెండు. ఏడాది దాటిన లీజు రిజిస్టరు కావాలి. వంద రూపాయల స్టాంపు మీద 28 ఏళ్లు రాసుకుంటే కోర్టులో దాని బలం ఎంతో మీరే ఊహించుకోండి. స్టాంపు, రిజిస్ట్రేషన్, వ్యవసాయేతరానికి వాడినందుకు కట్టాల్సింది ఏదైనా ఉంటే అది, అన్నీ కంపెనీవే అని రాయించండి.

మూడు. బ్యాంకు లోను కోసం వాళ్లు లీజు హక్కును తాకట్టు పెట్టుకోవడం మామూలే, దానికి భయపడొద్దు. కానీ మీ యాజమాన్యాన్నీ తాకట్టు పెట్టే వాక్యం గానీ, జీపీఏ (మీ తరఫున సంతకాలు పెట్టే అధికారం ఇచ్చే పత్రం) గానీ మధ్యలో దూర్చారేమో వెతకండి. నేను చూసిన ఒక కాగితంలో 19వ పేజీలో ఉంది. ఇంకా, ఈ కౌలు వ్యవసాయ ఆదాయం కాదు, పన్ను లెక్కలోకి వస్తుంది. చివర్లో ప్యానెళ్లు, కాంక్రీటు పునాదులు పీకి నేలను చదును చేసి ఇవ్వాలని, అందుకు ముందే డబ్బు డిపాజిట్ చేయాలని ఉండాలి. 28 ఏళ్ల తర్వాత ఆ కంపెనీ ఉంటుందో లేదో.

మెట్టపొలం
అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి ఫోన్లో నాన్నకు ఇదంతా చదివి వినిపించాను. ఏజెంటుకు ఈ షరతులు చెబితే కంపెనీ ఫార్మాట్ మారదన్నాడట. పక్క పొలం వాళ్లు ముగ్గురున్నారు, అందరం కలిసి అడిగితే మారుతుందేమో చూస్తాం. నాన్న ఇవన్నీ విని చివరికి అడిగింది ఒకటే. పట్టా భూమిలో చింతచెట్టు కింద తాత, నాయనమ్మ సమాధులు ఉన్నాయి. కంచె వేస్తే మేం ఎట్లా పోవాలి అన్నాడు.

ఈసీ చూశారా
సమాధులకు ఎన్ని సెంట్లో సర్వేయరుతో కొలిపించి, చెట్టుతో సహా షెడ్యూలు (లీజుకిచ్చే భూమి వివరాలు రాసే భాగం) నుంచి తీయించండి. రోడ్డు నుంచి అక్కడికి బండి పోయేంత దారి స్కెచ్‌లో గీయించి, కంచెకు గేటు, తాళంచెవి ఒకటి మీ దగ్గర అని రాయించండి. నోటిమాటగా ఒప్పుకుంటే లెక్కలోకి రాదు.