శ్రుతి తప్పినప్పుడు పిల్లల చెవికే తెలిసేలా నేర్పడం ఎలా?
నేను పాఠశాలలో బ్యాండు నేర్పే ఉపాధ్యాయుడిని. సాధన మొదట్లో ప్రామాణిక A స్వరమైన 440 హెర్ట్జ్‌కు అందరి శ్రుతీ సరిచేసినా, ఊదేకొద్దీ వాద్యాల లోపలి గాలి వేడెక్కి ఫ్లూట్లు, క్లారినెట్లు, ట్రంపెట్లు పై శ్రుతికి జరిగిపోతున్నాయి. లోహపు పలకల గ్లాకెన్‌స్పీల్ మాత్రం ఇంచుమించు ఉన్నచోటే ఉంటుంది కనుక, అవి కలిసిన చోట స్వరం అలలు అలలుగా వణుకుతుంది. శ్రుతి తగ్గేందుకు వాద్యం గొట్టాన్ని కాస్త బయటికి లాగమంటే, వెనక వరుసలోని ట్రంపెట్ విద్యార్థి చెవితో వినకుండా, శ్రుతిని కొలిచి చూపే ట్యూనర్ ముల్లునే చూస్తూ లాగుతాడు, పక్కవాడు అతణ్ణి చూసి లాగుతాడు (ఆ రెండోవాడి శ్రుతి అంతవరకు సరిగానే ఉంటుంది!). ముందు కాసేపు ఊదించి, ఆ తరువాతే శ్రుతి చేయడం కొంత మేలు చేసింది గానీ, వినే పని ఇప్పటికీ నాదే. 11 ఏళ్ళ పిల్లలు ఆ వణుకును గుర్తుపట్టి, అది ఆగేవరకు తామే సవరించుకునేలా మీరు ఏ అభ్యాసాలు చేయించారో, స్వరాన్ని ముందు గొంతుతో పాడించారో లేక నేరుగా వాద్యంపైనే నిలిపించారో దయచేసి తెలియజేయగలరు.